సముద్రం కింది తీగలు – 11: చదవని గాజు

1988 డిసెంబర్ 14న టాట్-8 పని మొదలుపెట్టింది. అట్లాంటిక్‌కు అడ్డంగా పరిచిన మొట్టమొదటి ఆప్టికల్ ఫైబర్ కేబుల్ అది. ఒక కొస అమెరికాలోని న్యూజెర్సీ తీరాన టకర్టన్‌లో ఉంది. రెండో వైపు సముద్రంలోనే రెండు పాయలై, ఒకటి ఇంగ్లండ్‌లోని వైడ్‌మత్ బే దగ్గర, ఇంకొకటి ఫ్రాన్స్‌లోని పెన్‌మార్క్ దగ్గర ఒడ్డెక్కింది. ఒకేసారి 40,000 ఫోన్ సంభాషణలు మోస్తుందన్నారు. ప్రారంభోత్సవానికి రచయిత ఐజాక్ అసిమోవ్‌ను వీడియోలో మాట్లాడించారు. ఆ సంబరమంతా పోయిన సంచికలో చూశాం. ఈసారి నీళ్లలోకి దిగి, ఎవరూ ఫొటో తీయని ఒక పెట్టె మూత విప్పుదాం.

ఆ పెట్టె పేరు రిపీటర్. టాట్-8 పొడవునా రమారమి 50 కిలోమీటర్లకు ఒకటి చొప్పున వీటిని కేబుల్‌లోనే కూర్చి సముద్రంలోకి దించారు. లోపల జరిగేది ఇది: 50 కిలోమీటర్ల గాజు దాటి నీరసించిన వెలుగు వచ్చి ఒక ఫొటోడిటెక్టర్ మీద పడుతుంది. అది విద్యుత్తుగా మారుతుంది. పక్కనున్న సర్క్యూట్ సరిగ్గా నడిమి క్షణంలో దాన్ని కొలిచి, ఇది 1 అనో 0 అనో తేల్చేస్తుంది. ఆ తీర్పు ప్రకారం ఒక లేజర్ కొత్త వెలుగును, నిండు బలంతో, తర్వాతి 50 కిలోమీటర్ల మీదికి వదులుతుంది. సెకనుకు 28 కోట్ల తీర్పులు, ప్రతి ఫైబర్‌కీ విడివిడిగా. లేజర్ కాలిపోతే అందుకోవడానికి పక్కనే అదనపు లేజర్లు. మైళ్ల లోతున ఉన్న పెట్టెను మరమ్మతు చేయాలంటే ఓడ రావాలి మరి.

ఇలా వచ్చినదాన్ని చదివి, కొత్తగా రాసి పంపే రిపీటర్‌ను రీజెనరేటర్ అంటారు. సంకేతాన్ని పెంచడం, చెదిరిన ఆకారాన్ని దిద్దడం, తప్పిన లయను సరిచేయడం, ఈ మూడు పనులూ దానివే. తాళపత్ర గ్రంథం శిథిలమయ్యేలోపే కొత్త ఆకుల మీద తిరగరాసే లేఖకుడి పద్ధతి ఇది. పాత ఆకు మీది మరకలు, చిరుగులు కొత్త ఆకు మీదికి రావు. కాకపోతే లేఖకుడు ఒక అక్షరాన్ని తప్పుగా చదివాడంటే, ఆ తప్పు అందమైన చేతిరాతలో స్థిరపడిపోతుంది. తర్వాతివాడికి అది తప్పని తెలిసే దారే లేదు.

అసలు ఈ అవస్థంతా ఎందుకంటే లెక్క చాలా క్రూరంగా ఉంటుంది. నేటి మంచి ఫైబర్‌లో వెలుగు కిలోమీటరుకు 0.2 డెసిబెల్ తగ్గుతుంది. గాజులో ఇంత తక్కువ నష్టాన్ని జపాన్‌కు చెందిన ఎన్‌టీటీ 1979లోనే సాధించింది. వినడానికి ఏమీ కానట్టే ఉంటుంది. 50 కిలోమీటర్లు వెళ్లేసరికి పదో వంతు మిగులుతుంది. 100 కిలోమీటర్లకు నూరో వంతు. మరి 6,000 కిలోమీటర్ల సముద్రం? 1,200 డెసిబెల్స్ నష్టం. 1 పక్కన 120 సున్నాలు పెట్టి, దానితో భాగించాలి. మన కంటికందే విశ్వంలోని పరమాణువులన్నీ కలిపినా 1 పక్కన 80 సున్నాలే అంటారు. ఎంత పెద్ద లేజర్ పెట్టినా అవతలి ఒడ్డుకు ఒక్క ఫొటాన్ కూడా చేరదు. కాబట్టి దారిలో సాయం తప్పదు. ఆ సాయం ఎలాంటిదన్నదే అసలు తగాదా.

ఆ తగాదా ఫైబర్ కంటే పాతది. 1956లో స్కాట్లండ్‌లోని ఓబన్ నుంచి న్యూఫౌండ్‌లండ్‌లోని క్లారెన్‌విల్‌కు వేసిన టాట్-1 రాగి కేబుల్‌లో వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే యాంప్లిఫయర్లు ఉండేవి. పోనొకటి, రానొకటిగా రెండు కేబుళ్లు, ఒక్కోదాంట్లో 51 రిపీటర్లు, మొత్తం 306 ట్యూబులు. మోసింది 36 ఫోన్ సంభాషణలు. ఆ యాంప్లిఫయర్లు ఏమీ చదివేవి కావు. వచ్చిన గొంతును, దానితో కలిసొచ్చిన రొదను, రెండింటినీ ఒకేలా పెంచి ముందుకు తోసేవి. పైగా ప్రతి ట్యూబూ తన వంతు రొద కొంచెం కలిపేది.

ఈ రొద బెడదకు మందు అంతకు ముందే ఒకాయన కాగితం మీద రాసిపెట్టాడు. బ్రిటిష్ ఇంజినీర్ అలెక్ రీవ్స్, 1937లో, ప్యారిస్‌లోని ఐటీటీ ప్రయోగశాలలో పనిచేస్తున్న రోజుల్లో. గొంతును అలలుగా పంపితే కదా రొద అంటుకునేది, దాన్ని అంకెలుగా మార్చి పంపండి, దారిలో ప్రతి మజిలీలోనూ అంకెను చదివి మళ్లీ రాయండి, రొద అక్కడికక్కడే ఆగిపోతుంది అన్నాడు. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో పేటెంట్ వచ్చింది. ట్యూబులతో అది అయ్యే పని కాదు. ట్రాన్సిస్టర్లు వచ్చాక 1962లో అమెరికాలో బెల్ సంస్థ టీ-1 లైన్లు వేసి, సుమారు 1.8 కిలోమీటర్లకో రీజెనరేటర్ పెట్టింది. ఆ తర్వాత పాతికేళ్లపాటు టెలికం ఇంజినీర్లకు ఇది ఇంచుమించు మతం. యాంప్లిఫయర్ అంటే పాతకాలపు వస్తువు, రీజెనరేటర్ అంటే ప్రగతి. రీవ్స్ తర్వాత ఇంగ్లండ్‌లోని హార్లో పట్టణంలో ఎస్‌టీఎల్ ప్రయోగశాలలో వెలుగుతో సందేశాలు పంపే పరిశోధనను ప్రోత్సహించాడు. 1966లో చార్ల్స్ కావ్, జార్జ్ హాకమ్ ఫైబర్ సిద్ధాంతాన్ని ప్రకటించింది ఆ ప్రయోగశాల నుంచే. అంటే రీజెనరేటర్‌కూ, ఫైబర్‌కూ మూలపురుషుడు ఒక్కడే అనుకోవచ్చు!

టాట్-8 రీజెనరేటర్‌లో ఇబ్బంది ఏమిటంటే, అది చదవడం నేర్చుకున్నది ఒకే వేగాన్ని, ఒకే రంగును. సెకనుకు 28 కోట్ల బిట్లకు బిగించిన గడియారం దానిది. ఒడ్డున ఎంత గొప్ప కొత్త యంత్రం తెచ్చిపెట్టినా సముద్రం అడుగున ఉన్న ఆ గడియారం మారదు. అదే ఫైబర్‌లో రెండో రంగు వెలుగు పంపితే రెండూ ఒకే డిటెక్టర్ మీద పడి కలగాపులగం అవుతాయి. పాతికేళ్లు ఉంటుందని వేసిన కేబుల్ సామర్థ్యం మొదటి రోజే ముగిసిపోయినట్టు లెక్క. టాట్-8ను 2002లో ఆపేశారు. తీగ పాడై కాదు, దాన్ని నడిపే ఖర్చుకు తగ్గ పని అది చేయలేకపోయింది.

తమాషా ఏమిటంటే, టాట్-8 ప్రారంభమయ్యే నాటికే దాని వారసుడు పుట్టి ఏడాది దాటింది.

ఇంకా వెనక్కి వెళితే, గాజు తీగలో వెలుగును వెలుగుతోనే పెంచవచ్చని 1964లోనే చూపించారు. మసాచుసెట్స్‌లోని అమెరికన్ ఆప్టికల్ కంపెనీలో చార్ల్స్ కోస్టర్, ఎలియాస్ స్నిట్జర్ కలిసి, నియోడిమియం కలిపిన ఒక మీటరు ఫైబర్‌ను ఫ్లాష్ దీపం చుట్టూ చుట్టి, అందులోంచి పోయే వెలుగును దాదాపు 50,000 రెట్లు పెంచారు. ఎవరికీ పట్టలేదు. పట్టడానికి అప్పటికి కమ్యూనికేషన్ ఫైబరే లేదు కదా. కావ్ పత్రం రావడానికి ఇంకా రెండేళ్లు, కార్నింగ్ కంపెనీ పనికొచ్చే ఫైబర్ తీయడానికి ఇంకా ఆరేళ్లు ఉంది. మందు ముందు పుట్టి రోగం తర్వాత రావడం సాంకేతిక చరిత్రలో అప్పుడప్పుడూ జరుగుతుంది.

ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం 1985లో మళ్లీ ఆ దారిలోకి వచ్చింది. సైమన్ పూల్, మార్టిన్ ఫెర్మన్‌లతో కలిసి ఆయన, నష్టం తక్కువగా ఉండే మామూలు సిలికా ఫైబర్‌లోకి అరుదైన మృత్తికా మూలకాలను అతి కొద్ది మోతాదులో చొప్పించే పద్ధతి కనిపెట్టాడు. వాటిలో ఒకటి ఎర్బియం. స్వీడన్‌లో ఇటర్‌బి అనే చిన్న ఊరి గని ఖనిజంలోంచి 1843లో మొసాండర్ వేరుచేసిన మూలకం. దానితో ఎవరికీ పెద్ద పని పడలేదు. అయితే గాజులో కూర్చోబెట్టి ఉత్తేజపరిస్తే ఎర్బియం అయాన్లు వెదజల్లే వెలుగు 1,530 నుంచి 1,560 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. సిలికా ఫైబర్‌లో వెలుగు అతి తక్కువగా నష్టపోయేది సరిగ్గా అక్కడే. ఈ రెండూ ఒకచోట కలవాలన్న నియమమేమీ ప్రకృతిలో లేదు. శుద్ధ అదృష్టం అంటే ఇదే.

1987లో రాబర్ట్ మియర్స్, పేన్, వారి సహచరులు ఎర్బియం ఫైబర్ యాంప్లిఫయర్‌ను ప్రకటించారు. అదే ఏడాది న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో ఇమ్మాన్యుయెల్ డెసుర్‌వీర్ బృందం కూడా సాధించింది. పని తీరు చూడండి. కొన్ని మీటర్ల ఎర్బియం ఫైబర్‌ను మెయిన్ ఫైబర్‌కు మామూలుగానే స్ప్లైస్ చేస్తారు. పక్కనుంచి ఇంకో లేజర్ 980 నానోమీటర్ల వెలుగును ఎక్కిస్తుంది. దీన్ని పంప్ అంటారు. ఎర్బియం అయాన్లు ఆ వెలుగును మింగి పై మెట్టు ఎక్కి, దాదాపు 10 మిల్లీసెకన్లు అక్కడే కూర్చోగలవు. ఈలోగా సంకేతపు ఫొటాన్ పక్కనుంచి పోతే, అయాన్ దిగివచ్చి అచ్చం అలాంటి ఫొటాన్‌నే, అదే రంగు, అదే దశతో, దానికి తోడుగా పంపుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. డిటెక్టర్ లేదు, గడియారం లేదు, తీర్పు లేదు. ల్యాబ్‌లో పంప్ వేసి దీపాలార్పితే ఆ తీగ చుట్ట లేత ఆకుపచ్చగా వెలుగుతూ కనిపిస్తుంది. అది పనికిరాని వెలుగే. కొన్ని అయాన్లు రెండుసార్లు మింగి, అవసరమైనదానికంటే పై మెట్టు ఎక్కి దిగుతున్నాయన్న గుర్తు.

ఆ 10 మిల్లీసెకన్ల సంగతి పైకి చిన్నదిగా కనిపించినా, కథ మొత్తం దానిమీదే తిరిగింది. అప్పటికే సెమీకండక్టర్ యాంప్లిఫయర్లు ఉన్నాయి. గింజంత ఉంటాయి, చవక. కానీ అవి నానోసెకను లోపే అలసి, నానోసెకను లోపే తేరుకుంటాయి. అందువల్ల ఒక రంగులో 1 వస్తే పక్క రంగుకు అందే బలం ఆ క్షణానికి తగ్గి, ఒకరి మాట ఇంకొకరి మాటలోకి దూరుతుంది. ఎర్బియం అంత నెమ్మదస్తురాలు కాబట్టి బిట్ల రాకపోకలు దానికి తెలియనే తెలియవు, సగటు బలమే తెలుస్తుంది. ఎన్ని రంగులు కలిపి పంపినా దేని దారి దానిదే. డెసుర్‌వీర్ దీన్ని చూపించాకే ఈ గాజు వెనుక ఎంత పెద్ద సామర్థ్యం దాగుందో అర్థమైంది.

మొదటి ప్రయోగాల్లో పంప్ లేజర్లు బల్ల నిండా పరుచుకున్న యంత్రాలు. నీళ్లతో చల్లార్చాల్సిన ఆర్గాన్ లేజర్‌ను సముద్రంలోకి దించుతామా? ఆ చిక్కు 1989లో ఎన్‌టీటీకి చెందిన మసటక నకజవ విప్పాడు. 1,480 నానోమీటర్ల చిన్న లేజర్ డయోడ్‌తోనే ఎర్బియాన్ని పంప్ చేసి చూపించాడు. ఇక మిగిలింది పాత మతస్థుల సందేహం.

వాళ్ల సందేహం తప్పు కాదు. ఎర్బియం కూడా 1956 నాటి ట్యూబ్ లాంటిదే. పై మెట్టు మీది అయాన్లలో కొన్ని ఎవరూ పిలవకుండానే దిగి, సంకేతానికి సంబంధం లేని వెలుగును వదులుతాయి. తర్వాతి యాంప్లిఫయర్ ఆ రొదను కూడా శ్రద్ధగా పెంచుతుంది. వంద యాంప్లిఫయర్లు దాటేసరికి వందింతల రొద. అయితే ఎంత రొద అని ఎవరైనా లెక్క కట్టారా? ఇక్కడ లెక్క మన ఊహకు ఎదురు తిరుగుతుంది. ఒక్కో యాంప్లిఫయర్ కలిపే రొద, అది ఎన్ని రెట్లు పెంచుతుందో అందులోంచి ఒకటి తీసేసినంత నిష్పత్తిలో ఉంటుంది. 6,000 కిలోమీటర్ల దారిలో 100 కిలోమీటర్లకొకటి పెడితే 60 యాంప్లిఫయర్లు, ఒక్కోటి 100 రెట్లు పెంచాలి. 60ని 99తో గుణిస్తే 5,940. అదే 50 కిలోమీటర్లకొకటి పెడితే 120 యాంప్లిఫయర్లు, ఒక్కోటి 10 రెట్లు పెంచితే చాలు. 120ని 9తో గుణిస్తే 1,080. యాంప్లిఫయర్లు రెట్టింపైతే రొద అయిదో వంతుకు దిగింది! సంకేతం మరీ నీరసించకముందే ఎత్తుకోవడంలోనే కిటుకంతా ఉంది. నేలమీద 80 కిలోమీటర్లకొకటి ఉండే యాంప్లిఫయర్లు మహాసముద్రాల కింద మరింత దగ్గరదగ్గరగా ఉండటానికి కారణం ఇదే.

నిరూపణకు మహాసముద్రమంతటి ఫైబర్ కొని ల్యాబ్‌లో చుట్టిపెట్టలేరు. బెల్ ల్యాబ్స్‌లో నీల్ బెర్గానో కొద్దిపాటి యాంప్లిఫయర్లతో ఒక వలయం చేసి, ఒకే బిట్ల గుంపును అందులో మళ్లీమళ్లీ తిప్పాడు. 1991లో ప్రకటించిన ఫలితం: సెకనుకు 500 కోట్ల బిట్లు, 14,000 కిలోమీటర్ల దూరం, దారిలో ఒక్క రీజెనరేటర్ లేదు. పసిఫిక్‌ను దాటడానికి అది చాలినంత. 1995, 1996 సంవత్సరాల్లో పసిఫిక్‌లో టీపీసీ-5, అట్లాంటిక్‌లో టాట్-12/13 కేబుళ్లు యాంప్లిఫయర్లతోనే పనిలోకి దిగాయి. 1956 నాటి పద్ధతే, ట్యూబు స్థానంలో గాజు. ప్రగతి అనుకున్న రీజెనరేటర్ మహాసముద్రాల కింద ఏలింది ఓ పదేళ్లు, అంతే.

పోగొట్టుకున్నవి లేకపోలేదు. ప్రతి రిపీటరూ బిట్లను చదువుతున్నంత కాలం, ఏ మజిలీలో తప్పులు మొదలయ్యాయో ఒడ్డు నుంచి అడిగి తెలుసుకోగలిగేవారు. గాజుకు తప్పు తెలియదు, అడిగినా చెప్పలేదు. సాగిపోయిన ఆకారాన్ని, తప్పిన లయను అది దిద్దదు కూడా. కాబట్టి ఫైబర్‌లో రంగులు వేర్వేరు వేగాలతో పోవడం వల్ల వచ్చే చెదురు కిలోమీటరు కిలోమీటరుకూ పేరుకుంటుంది. పోనీ చెదురు సున్నా అయ్యే ఫైబర్ వేద్దామంటే, అందులో రంగులన్నీ అడుగులో అడుగేసి నడిచి, ఒకదాని శక్తి ఇంకొకదానిలోకి జారి, లేని రంగులు పుట్టుకొస్తాయి. అలాంటి ఫైబర్‌ను జపాన్ అప్పటికే విరివిగా వేసేసుకుంది పాపం. బెల్ ల్యాబ్స్‌లో ఆండ్రూ క్రాప్లివీ, రాబర్ట్ ట్కాచ్ కొద్దిగా చెదురు మిగిల్చిన ఫైబర్‌ను రూపొందించాక ఆ తలనొప్పి తగ్గింది.

యాంప్లిఫయర్ గొలుసులో నాకు అన్నిటికంటే నచ్చే గుణం ఇంకొకటి ఉంది. ఏదో ఒక యాంప్లిఫయర్‌లో పంప్ బలహీనపడిందనుకోండి. తర్వాతిదానికి వచ్చే వెలుగు తగ్గుతుంది. వెలుగు తగ్గితే దాని అయాన్లు తక్కువగా ఖర్చయి ఎక్కువ రెట్లు పెంచుతాయి. నాలుగైదు మజిలీలు దాటేసరికి లోటు పూడిపోతుంది. దాన్ని సరిదిద్దే సర్క్యూట్ ఏదీ లేదు, ఎవరూ ఆజ్ఞ ఇవ్వరు.

నేల మీద లాభం ఇంకా సూటిగా కనిపించింది. అంతకు ముందు సుమారు 40 కిలోమీటర్లకో రీజెనరేటర్, అదీ ఫైబర్‌కొకటి. 16 రంగులు పంపాలంటే ప్రతి మజిలీలో 16 రీజెనరేటర్లు. ఎర్బియం యాంప్లిఫయర్ ఒక్కటే ఆ పదహారింటినీ కలిపి పెంచేస్తుంది. 1996లో అమెరికాలో సియెనా కంపెనీ 16 రంగుల పరికరాన్ని స్ప్రింట్ సంస్థకు అమ్మింది. ఒక్కో రంగుకు సెకనుకు 2.5 గిగాబిట్లు, మొత్తం 40. కొత్తగా తవ్వకుండానే ఫైబర్ 16 ఫైబర్లయింది. ఆ తర్వాతి టెలికం పిచ్చి, దాని పతనం మనకు వేరే అధ్యాయం.

మన తీరం సంగతి చూస్తే ఈ మలుపు దగ్గరదగ్గరగా కనిపిస్తుంది. 1994లో ముంబైలో దిగిన సీ-మీ-వీ 2 రీజెనరేటర్ల తరం కేబుల్, వేగం 560 మెగాబిట్లు. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మనకు ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు పరిస్థితి అది. 1997లో వచ్చిన ఫ్లాగ్ కేబుల్ యాంప్లిఫయర్ల తరం. 2002లో చెన్నై నుంచి సింగపూర్‌కు వేసిన ఐ2ఐ కేబుల్‌ను 8.4 టెరాబిట్ల సామర్థ్యానికి రూపొందించారు. ఇక 2005లో ముంబైలోనూ, చెన్నైలోనూ దిగిన సీ-మీ-వీ 4 దగ్గర అసలు తేడా తెలుస్తుంది. రంగుకు 10 గిగాబిట్ల చొప్పున 1.28 టెరాబిట్లకు వేసిన కేబుల్ అది. తర్వాత ఒడ్డున ఉన్న యంత్రాలు మార్చి, రంగుకు 100 గిగాబిట్లు ఎక్కించి, 4.6 టెరాబిట్లకు పెంచారు. నీళ్లలో దేన్నీ తాకలేదు. తమ మీదుగా పోతున్నది పదింతల వేగమని ఆ యాంప్లిఫయర్లకు తెలియదు. టాట్-8కు దక్కని రెండో జన్మ దీనికి దక్కిందంటే ఆ తెలియకపోవడం వల్లే. హైదరాబాద్‌కు సముద్రం లేదు కాబట్టి మన వీడియో కాల్ నేలమీది యాంప్లిఫయర్ గదులు వరసగా దాటుకుంటూ చెన్నైకో ముంబైకో చేరి, అక్కడ నీళ్లలోకి దిగుతుంది.

ఎర్బియం లేకుండా పెంచే దారి కూడా ఒకటుంది, దానికి మన విశాఖ గాలి కొంచెం సోకింది. తండ్రి అక్కడి ఏవీఎన్ కాలేజీలో అధ్యాపకుడు కావడంతో సి.వి. రామన్ చదువు విశాఖపట్నంలో సాగింది, పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ అయ్యాడు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో ఆయన ప్రకటించిన ప్రభావాన్ని 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో రోజర్ స్టోలెన్, ఎరిక్ ఇప్పెన్ ఫైబర్‌లోకి తెచ్చారు. 1,450 నానోమీటర్ల దగ్గర బలమైన వెలుగును ఎక్కిస్తే, గాజు అణువుల కంపనాలు దాని శక్తిలో కొంత దింపుకుని, మిగతాది 1,550 దగ్గరున్న సంకేతానికి అందిస్తాయి. ప్రత్యేకమైన గాజు అక్కర్లేదు, పోయే దారే యాంప్లిఫయర్ అవుతుంది. 1988లో, అంటే టాట్-8 ఏడాదిలోనే, లిన్ మోలెనాయర్ ఈ పద్ధతిలో 4,000 కిలోమీటర్లకు పైగా వెలుగు పల్సులను చెదరకుండా పంపి చూపించాడు. సముద్రంలో విద్యుత్ రిపీటర్ పెట్టడం దండగైన చిన్న దూరాలకు ఒడ్డు నుంచే పంప్ చేసే ఈ తరహా యాంప్లిఫికేషన్ పనికొస్తుంది.

ఇంతకీ చదవడం ఎక్కడికి పోయింది? కొసలకు చేరింది. 2008 ప్రాంతం నుంచి వచ్చిన కొహెరెంట్ రిసీవర్లు వెలుగు బలాన్నే కాక దశను కూడా కొలిచి, వేల కిలోమీటర్లలో పేరుకున్న చెదురును చిప్‌లో గణితంతో విప్పేస్తాయి. దానికి తోడు తప్పులు దిద్దే కోడ్లు ఉన్నాయి. దారిలో 120 చోట్ల 120 చిన్న తీర్పులు ఇవ్వడం మాని, చివర ఒకేచోట ఒక పెద్ద తీర్పు ఇస్తున్నారు.

అంతమాత్రాన రీజెనరేటర్ చచ్చిపోలేదు. నేలమీది నెట్‌వర్కుల్లో రంగుకు 400 గిగాబిట్లు ఎక్కిస్తున్నకొద్దీ రొదను ఓర్చుకునే శక్తి తగ్గి, దూరం కుంచించుకుపోతోంది. కొన్ని జంక్షన్లలో రెండు ట్రాన్స్‌పాండర్లను, అంటే కొసల్లో ఉండే చదివి రాసే యంత్రాలను, వీపుకు వీపు ఆనించి, ఒకటి చదివి ఇంకొకటి రాసే పాత పద్ధతికే తిరిగి వెళుతున్నారు. కరెంటూ, స్థలమూ, మరమ్మతుకు మనిషీ దొరికే చోట అది తప్పేమీ కాదు. వెలుగును వెలుగుగానే ఉంచి తిరగరాసే పరికరాన్ని 1998లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన పావెల్ మామిషెవ్ ప్రతిపాదించాడు. చాలా అందమైన ఆలోచన. కానీ అదీ ఒక రంగుకు ఒకటి కావాల్సిందే, ఎర్బియంతో బేరంలో నెగ్గడం కష్టం.

2020 ఆగస్టులో చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు, అక్కడి నుంచి మరి కొన్ని దీవులకు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమైంది. అండమాన్ దాకా వెళ్లే పొడవాటి దారిలో నీళ్లలో రిపీటర్లున్నాయి. దీవికీ దీవికీ మధ్య చిన్న దూరాల్లో ఏమీ లేవు, ఒడ్డు నుంచి ఒడ్డుకు ఉత్త గాజే. ఆ రిపీటర్లకు కరెంటు ఎక్కడిదంటే, కేబుల్‌లోని రాగి గొట్టం వెంట ఒడ్డు నుంచి వేల వోల్టులతో తోసే దాదాపు ఒక ఆంపియర్. లంగరు తగిలి కేబుల్ తెగితే ఆ కరెంటుకూ, రిపీటర్లకూ ఏమవుతుంది, తెగిన చోటు ఇదేనని ఒడ్డున కూర్చున్నవాళ్లు ఎలా చెబుతారు, ఓడ ఏ కొక్కెం వేసి దాన్ని పైకి లాగుతుంది, ఈ సంగతులు వచ్చే సంచికలో.